సిగ్నల్ పోయాక వినిపించిన అడవి

మా బాబాయి కూతురు ఇంగ్లండ్‌లో చదువుకుంటోంది. పోయిన చలికాలంలో నాకో వీడియో పంపింది. మొత్తం నలభై సెకన్లు. ఏదో పల్లెటూరి పక్కన చిన్న అడవి. ఆకులు రాలిపోయిన ఓక్ చెట్లు, తడిసిన కాలిబాట, తన బూట్ల చప్పుడు. అంతే. కింద ఓ మెసేజ్: "అక్కా, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడు. ఎంత సైలెంటో!"

హెడ్‌ఫోన్స్ పెట్టుకోమంటే నాకు నవ్వొచ్చింది. అప్పటికి నాలుగేళ్లుగా రోజుకు ఎనిమిది గంటలు అవి నా చెవులకే ఉన్నాయి. హైదరాబాద్‌లో కస్టమర్ కాల్స్ ఉద్యోగం. ఆఫీసులో హెడ్‌సెట్, మెట్రోలో ఇయర్‌బడ్స్, నిద్రపట్టడానికి ఏదో ఒక పాడ్‌కాస్ట్. ఎండాకాలం నుంచి ఎడమ చెవిలో సన్నగా 'కీ...' మని ఒకటే మోత. డాక్టర్ చూసి, "దీనికి మందుల కంటే ముందు చెవులకు కాస్త విశ్రాంతి ఇవ్వమ్మా" అన్నారు.

ఆ వీడియో రెండోసారి చూస్తుంటే నాయిన నా భుజం మీదుగా తొంగి చూసిండు.

"గిదేం అడివి బిడ్డా, పార్కు లెక్కున్నది. మన దిక్కు లేదా ఏంది అడివి?"

"మన దిక్కు ఏడుంది నాయినా?"

"కొల్లాపూర్ అవతల. నల్లమల."

ఆ మాట అని లేచి వెళ్లిపోయిండు. నేను మాత్రం ఆగిపోయాను. ఎందుకంటే మా నాయిన నోట కొల్లాపూర్ మాట రావడమే అరుదు. ఆయన పుట్టింది అటువైపు కృష్ణ ఒడ్డున ఉన్న పాత మంచాలకట్టలో. ఆ ఊరు ఇప్పుడు లేదు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ల కింద ఉంది. అటువైపు చుట్టాల పెళ్లిళ్లకు కూడా ఏదో వంక చెప్పి అమ్మను పంపేవాడు.

ఫిబ్రవరిలో రెండు రోజులు సెలవు పెట్టాను. "నాయినా, పోదాం" అన్నాను. ఆయన కాదనలేదు. అవుననలేదు. తెల్లారేసరికి మాత్రం చెప్పులు వేసుకుని గడప దగ్గర కూర్చుని ఉన్నాడు.

మామిడి పూత దాటాక

హైదరాబాద్ నుంచి జడ్చర్ల, నాగర్‌కర్నూల్ మీదుగా కొల్లాపూర్ సుమారు 180 కిలోమీటర్లు. బస్సులో అయితే నాలుగు గంటల పైమాటే. ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా, 2016 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లా. ఊరు దగ్గరపడుతుంటే రోడ్డుకు రెండు పక్కలా మామిడి తోటలు. మేం వెళ్లినప్పుడు పూత మీదున్నాయి. బస్సు కిటికీలోంచి ఆ వాసన, దానితోపాటు తేనెటీగల రొద. కొల్లాపూర్ మామిడి అంటే హైదరాబాద్ పండ్ల మార్కెట్లో పేరు చెప్పి అమ్ముతారు.

కొల్లాపూర్ చిన్న పట్నం. సురభి రాజుల సంస్థానానికి ఒకప్పటి రాజధాని. వాళ్ల కోట ఇంకా నిలబడి ఉంది. చాలామంది ఫొటోలు అక్కడే దిగుతారు. మేం కూడా అటే పోదామనుకున్నా, నాయిన కాళ్లు మాత్రం ఇంకో వైపు తిరిగాయి. మాధవస్వామి గుడి.

గుడి గోడల నిండా శిల్పాలు. నేను ఫోన్ తీసి ఫొటోలు తీస్తుంటే, నాయిన ఓ రాయి మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు. ఎండకు కాలిన రాయి. అయినా చెయ్యి తియ్యలేదు.

"ఇది మా ఊరి గుడి" అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు. ఈ గుడి మొదట ఉన్నది మంచాలకట్టలో. ప్రాజెక్టు కింద మునిగిపోతుందని రాయి రాయి విప్పి, కొల్లాపూర్ తెచ్చి మళ్లీ నిలబెట్టారు. ఇదొక్కటే కాదు. జటప్రోలు మదనగోపాలస్వామి గుడి, సోమశిల గుళ్లు, అలంపూర్ దగ్గర కూడవెల్లి సంగమేశ్వరాలయం, ఇలా కృష్ణ, తుంగభద్ర ఒడ్డున ఉన్న ఎన్నో గుళ్లు అప్పట్లో ఇలాగే ఎత్తైన చోట్లకు చేరాయి.

"దేవునికైతే ఏ రాయి ఏడుండెనో గుర్తువెట్టి మళ్ల గట్లనే కట్టిండ్రు" అన్నాడు నాయిన. కోపంగా అనలేదు. లెక్క చెప్పినట్టు అన్నాడు.

సోమశిల ఒడ్డున

కొల్లాపూర్ నుంచి సోమశిల పది కిలోమీటర్లు. రోడ్డు మలుపు తిరగ్గానే ఒక్కసారిగా నీళ్లు. ఇన్‌స్టాగ్రామ్‌లో మీరు చూసే ఉంటారు, 'తెలంగాణ మాల్దీవ్స్' అని రీల్స్ వస్తుంటాయి. కొండల మధ్య నీలంగా పరుచుకున్న కృష్ణమ్మ, అవతలి ఒడ్డున ఆంధ్రా వైపు కొండలు. నీళ్లు బాగా తగ్గినప్పుడు అటువైపు సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. ఏడాదిలో కొన్ని నెలలే ఆ దేవుడికి పూజలు. మళ్లీ వరద రాగానే నీళ్ల కిందికి.

నిజంగానే అందంగా ఉంది. వారం మధ్యలో వెళ్లాం కాబట్టి జనం లేరు. పడవలు కట్టేసి ఉన్నాయి. గాలి లేదు. నీళ్ల మీద గీత కూడా లేదు. ఫోన్లో సిగ్నల్ ఒక గీతకు పడిపోయి, తర్వాత అదీ పోయింది. "ఇదే, ఇదే నాకు కావాల్సిన సైలెన్స్" అనుకుని ఘాట్ మెట్ల మీద కూర్చున్నాను. కళ్లు మూసుకుంటే చెవిలో 'కీ...' ఇంకా పెద్దగా వినపడింది. చుట్టూ చప్పుడు లేకపోతే లోపలి మోత పెరుగుతుందని ఆ రోజే అర్థమైంది.

నాయిన పక్కన కూర్చుని పై దిక్కుకు చెయ్యి చూపించిండు.

"మా ఊరు గా దిక్కుండె."

నేను చూశాను. నీళ్లు.

శ్రీశైలం ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది 1963లో. నీళ్లు వచ్చింది 1980ల మొదట్లో. పూర్తి నీటిమట్టం 885 అడుగులు. ఆ అంకె మనకు టీవీలో ఏటా ఆగస్టు, సెప్టెంబర్లలో గేట్లెత్తినప్పుడు వినిపిస్తుంది. గేట్ల ఫొటోలు మనం స్టేటస్ పెట్టుకుంటాం. ఆ 885 అడుగుల కింద మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో వందకు పైగా ఊళ్లున్నాయి. లక్ష మంది దాకా ఇళ్లు వదిలారు. 1981 వేసవిలో ఇళ్లు కూలగొట్టి ఖాళీ చేయించారు. అప్పుడు మా నాయినకు పద్నాలుగేళ్లు.

"ఇల్లు కూలగొట్టెటి నాడు పొద్దుగాల గూడ మా అమ్మ వాకిలి ఊడ్సి, సాన్పి జల్లి, ముగ్గేసింది. మా నాయిన అరిసిండు, ఎవలు జూస్తరే అని. ఏం మాట్లాడలే ఆమె. ముగ్గు మొత్తం ఏసి, గప్పుడు లేసింది."

ఇంతకుముందు ఆయన ఈ మాట మాకెవ్వరికీ చెప్పలేదు. ఇంట్లో ఒక పాత సంచి ఉండేది. అందులో తాత కాగితాలు. ముంపు కుటుంబాలకు ఇంటికో ఉద్యోగం ఇస్తామంటూ 1986లో వచ్చిన జీవో 98 తాలూకు దరఖాస్తులు. కొల్లాపూర్ ప్రాంతంలో 'జీవో 98' అంటే ఎవరికైనా తెలుసు. దానికోసం తిరిగి తిరిగి ముసలివాళ్లయినవాళ్లు ఉన్నారు. మా తాత కూడా అలాగే తిరిగాడు. ఆ సంచిని ఇల్లు మారినప్పుడల్లా నేను 'చెత్త' అనేదాన్ని.

నీళ్ల మీద ఆ నిశ్శబ్దం అప్పటికీ అలాగే ఉంది. కానీ కాసేపటి కిందటిలా హాయిగా అనిపించలేదు.

ఆకు మీద కాదు, రాయి మీద

అడవి చూడాలని వచ్చాం కదా. మర్నాడు పొద్దున్నే అమరగిరి వైపు బయల్దేరాం. అక్కడ ఒడ్డునే చెంచుల ఇళ్లున్నాయి. వెనక నల్లమల. చేపలు పట్టే మా చుట్టం ఒకాయన ముందే మాట్లాడి పెట్టడంతో ఓ చెంచు పెద్దాయన మాతో వచ్చాడు. ఇది అమ్రాబాద్ టైగర్ రిజర్వు అంచు. మొత్తం రిజర్వు 2,611 చదరపు కిలోమీటర్లు. దేశంలోని పెద్ద పులుల అడవుల్లో ఇదొకటి. అనుమతి లేకుండా లోపలికి పోకూడదు. అందుకే ఫారెస్టు వాళ్లకు చెప్పి, వాళ్లు పొమ్మన్నంత దూరమే, ఊరివాళ్లు రోజూ నడిచే బాటలోనే వెళ్లాం.

పెద్దాయన మొదట నాయినను "సారూ" అని పిలిచిండు.

"సారేందన్నా! మాది మంచాలకట్ట" అన్నాడు నాయిన.

ఆయన ముఖం మారింది. "మునిగిన మంచాలకట్టనా? అయితే మనోనివే తమ్మీ" అని చెయ్యి పట్టుకున్నాడు. అంతే. ఆ తర్వాత పదినిమిషాలు నేనక్కడ ఉన్నానని ఇద్దరూ మర్చిపోయారు. తేనె తెచ్చి జొన్నలు పట్టుకుపోయిన రోజులు, ఎవరి పొలం ఎక్కడ ఉండేది, ఏ వాగు ఎట్లా దాటేవాళ్లు... ఇద్దరి ఊళ్లూ ఒకటి కాదు. కానీ మునిగినది మాత్రం ఒకే నది ఒడ్డు.

అడవి అంటే నేను పచ్చగా ఊహించుకున్నాను. ఫిబ్రవరి చివర నల్లమల పచ్చగా ఉండదు. టేకు, నల్లమద్ది, తునికి చెట్లు ఆకులు రాల్చి నిలబడ్డాయి. అక్కడక్కడ ఆకు ఒక్కటీ లేని బూరుగ చెట్టుకు ఎర్రటి పూలు. మోదుగు అప్పుడే మొగ్గ తొడుగుతోంది. తెల్లగా, నున్నగా, ఎండలో మెరిసే మానొకటి కనిపిస్తే ఇదేంటని అడిగాను. తప్సి చెట్టు. దీని జిగురు తీసి అమ్ముతారు. చెంచులకు తేనె, కుంకుడుకాయల్లాగే ఇదీ ఒక ఆదాయం.

నేల మీద మాత్రం మడమ మునిగేంత ఎండుటాకులు. టేకు ఆకు ఎండితే అప్పడమే. నేను అడుగు వేసిన ప్రతిసారీ ఫెళఫెళమని చప్పుడు. వీడియోలో మా చెల్లెలి బూట్లది తడి చప్పుడు, మెత్తన. నాదేమో అడవి మొత్తానికీ వినపడేంత రచ్చ. పెద్దాయన నాకు నాలుగడుగుల ముందు నడుస్తున్నాడు. ఆయన కాళ్ల కింద అసలు చప్పుడే లేదు.

"అదెట్లా పెద్దనాయినా?"

ఆగి నా కాళ్లు చూశాడు. "ఆకు మీద పెడితే అరుస్తది బిడ్డా. రాయి మీద పెట్టు. రాయి లేకుంటే బాట నడుమ పెట్టు, ఆడ ఆకు నలిగి పిండయి ఉంటది. ముందు సూడు, తర్వాత కాలు తియ్యి."

ముందు చూడు, తర్వాత కాలు తియ్యి. వినడానికి చిన్న మాటే. కానీ అలా నడవడం మొదలుపెట్టాక ఫోన్ చూసే తీరికే ఉండదు. ప్రతి అడుగుకూ నేల చూడాలి. చీమల బారు, దుప్పి గిట్టల గుర్తు, ఎలుగుబంటి తవ్విపోయిన పుట్ట. అరగంట గడిచాక ఇంకొకటి గమనించాను. నా చెవిలో మోత ఎప్పుడు ఆగిందో నాకు తెలియలేదు. బహుశా ఆగలేదేమో. వినడానికి వేరేవి చాలా ఉండటంతో దాన్ని పట్టించుకోలేదంతే. ఎక్కడో వడ్రంగిపిట్ట మాను పొడుస్తున్న టకటక, చిలుకల గోల, ఎండుటాకుల్లో తొండ పరుగు, పైన గాలికి వెదురు బొంగులు ఒరుసుకుంటున్న కిర్రు.

కొండ చరియకు వేలాడుతున్న తేనెపట్టు దూరం నుంచి చూపించాడు పెద్దాయన. పట్టు కొయ్యడానికి నడుముకు తాడు కట్టుకుని చరియ మీద నుంచి కిందికి దిగుతారట.

"పైన తాడు ఎవలు పట్టుకుంటరో ఎర్కేనా?" అని నన్నడిగాడు.

"తమ్ముడా?"

"బామ్మర్ది. అక్క ముండమొయ్యొద్దని గట్టిగ పట్టుకుంటడు. తమ్ముడైతే వాటా మిగుల్తదని ఇడిసినా ఇడుస్తడు" అని నవ్వాడు. మా నాయిన అంత పెద్దగా నవ్వడం నేను చూసి చాలా రోజులైంది. పట్టు మొత్తం కొయ్యరట. కొంత ఈగలకు వదిలేస్తారు, మళ్లీ ఏడు అవి అక్కడికే రావాలి కదా.

అడవి గమ్మునైతే

తిరిగి వచ్చేటప్పుడు జరిగింది ఇది.

ఒక మలుపు దగ్గర పెద్దాయన చెయ్యెత్తి ఆగాడు. మేమూ ఆగాం. నాకేమీ కనిపించలేదు. ఐదారు సెకన్ల తర్వాత తేడా తెలిసింది. చిలుకలు ఆగిపోయాయి. వడ్రంగిపిట్ట ఆగిపోయింది. అంతవరకూ నేను వింటున్నవన్నీ ఎవరో స్విచ్ ఆపినట్టు ఒక్కసారిగా లేవు. తర్వాత కుడివైపు చెట్ల మీది నుంచి కొండముచ్చు దగ్గినట్టుగా ఒక అరుపు. మళ్లీ ఒకటి. దూరంగా దుప్పి కూత.

పెద్దాయన మాట్లాడలేదు. అరచెయ్యి కిందికి చూపించి కూర్చోమన్నాడు. నాయిన నా ముంజేయి పట్టుకున్నాడు. ఆయన వేళ్లు వణకడం తెలుస్తోంది. లేదా అది నా చెయ్యేనేమో. పది నిమిషాలు అలాగే కూర్చున్నాం. జీవితంలో నేను అంత నిశ్శబ్దం వినలేదు. అంత భయపడనూ లేదు.

తర్వాత ఒక చిలుక అరిచింది. ఇంకోటి దానికి జవాబిచ్చింది. పెద్దాయన ఊపిరి వదిలి లేచాడు.

"పోయింది."

"ఏంది పెద్దనాయినా? పులా?"

"చిర్తో, ఇంకోటో. మనకెందుకు? అది దాని తొవ్వల పోయింది." నాలుగడుగులు నడిచాక వెనక్కి తిరిగి అన్నాడు: "అడివి గమ్మునున్నదంటే బాగున్నట్టు కాదు బిడ్డా. సప్పుడు జేస్తున్నదంటేనే బాగున్నట్టు."

నేను హైదరాబాద్ నుంచి బయల్దేరింది నిశ్శబ్దం వెతుక్కుంటూ. తీరా అడవిలో నిశ్శబ్దం అంటే ప్రమాదమని తెలిసింది. ముందురోజు సోమశిల ఘాట్ మీద నాకు దొరికిన నిశ్శబ్దం గుర్తొచ్చింది. అక్కడ ఒకప్పుడు ఎద్దుల గంటలు, బావి గిలకలు, బడి పిల్లల ఎక్కాలు ఉండేవి. పొద్దున్నే వాకిలి ఊడ్చే చీపురు చప్పుడు ఉండేది. అవన్నీ ఆగిపోతే వచ్చిన నిశ్శబ్దం అది.

ఈ నిశ్శబ్దం ఎవరిది?

అడవిలో నడిస్తే మనసు కుదుటపడుతుందని ఇప్పుడు ప్రపంచమంతా చెప్తోంది. జపాన్‌లో ప్రభుత్వ అటవీ శాఖే 1982లో దీనికి 'షిన్రిన్ యోకు' అని పేరు పెట్టింది. అంటే అడవి స్నానం. ఇంగ్లండ్ పల్లెల్లో ప్రైవేటు భూముల గుండా కూడా జనం నడవడానికి చట్టం కాపాడే కాలిబాటలు ఉన్నాయి. మా చెల్లెలు నడిచింది అలాంటి బాటలోనే. నాకు ఆ ఆలోచన నచ్చింది. ఒక అడవి ప్రశాంతంగా ఉండాలంటే అందులోంచి మనుషుల్ని తీసెయ్యాల్సిన పని లేదు, జాగ్రత్తగా నడిచే దారి ఉంటే చాలు.

మన దగ్గర లెక్క ఇంత తేలిక కాదు. పులికి మనుషుల అలికిడి లేని చోటు కావాలి. చెంచులకు అడవే ఇల్లు. 1940లో క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ ఈ కొండల్లో చెంచుల మధ్య ఉండి, 1943లో వాళ్ల మీద పుస్తకం వేసేనాటికే వాళ్లు ఇక్కడి పాతకాపులు. పులుల రిజర్వు కోర్ ఏరియాలో ఉన్న కొన్ని ఊళ్లను బయటికి తరలించే పని ఇప్పుడు నడుస్తోంది. వెళ్లేవాళ్లకు కుటుంబానికి 15 లక్షల ప్యాకేజీ ఉంది. లేదంటే భూమి, ఇల్లు. కొందరు పోతామంటున్నారు. పిల్లల చదువు, ఆసుపత్రి, రోడ్డు కావాలని వాళ్లకూ ఉంటుంది. కొందరు పోమంటున్నారు. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది కాబట్టి వాళ్ల ఒప్పుకోలు లేకుండా కదల్చకూడదు.

"నువ్వైతే ఏం జేస్తవన్నా?" అని నాయిన అడిగాడు.

"నువ్వు పోయినవ్ గద తమ్మీ. నువ్వే జెప్పు" అన్నాడు పెద్దాయన.

నాయిన చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, "కాయితం మీద రాసిచ్చింది మొత్తం చేతికొచ్చినంక కదులన్నా. ముందు కదలకు" అన్నాడు. తాత సంచి మోసిన కొడుకుగా ఆయన ఇవ్వగలిగిన సలహా అదొక్కటే.

ఈ అడవికి గొంతు కూడా ఉంది. 2019లో యురేనియం అన్వేషణ మాట వచ్చినప్పుడు 'సేవ్ నల్లమల' అని ఊళ్లూ, ఫోన్లూ ఒక్కటయ్యాయి. ఆ సెప్టెంబర్‌లో తెలంగాణ అసెంబ్లీ యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. మన తరం వాట్సాప్ స్టేటస్‌లకు కూడా పని జరుగుతుందని చూపించిన సందర్భం అది.

ఇప్పుడు వస్తున్నది వేరే రకం మార్పు. సోమశిల దగ్గర వెల్‌నెస్, ఆధ్యాత్మిక విడిది కోసం 2024లో కేంద్రం 68 కోట్లకు పైగా మంజూరు చేసింది. సోమశిల నుంచి అవతలి ఒడ్డు సిద్ధేశ్వరానికి కేబుల్ వంతెన రాబోతోంది. వంతెన రావాలి. 2007 జనవరిలో ఇదే నది మీద పడవ మునిగి పదుల మంది చనిపోయిన సంగతి ఈ ఒడ్డున ఎవరూ మర్చిపోలేదు. విడిది వస్తే ఇక్కడి పిల్లలకు పనీ దొరకొచ్చు. కానీ మనలాంటివాళ్లు 'ప్రశాంతత' కొనుక్కోవడానికి బారులు తీరినప్పుడు, ఆ ప్రశాంతత కోసం ఇంకెవరినైనా లేచి పొమ్మంటారా అన్నదే నా భయం. ఇక్కడివాళ్లు ఇప్పటికే ఒకసారి లేచి పోయారు.

మీరూ వెళ్లాలనుకుంటే

అక్టోబర్ నుంచి ఫిబ్రవరి మంచి కాలం. వర్షాలయ్యాక వెళ్తే నీళ్లు నిండుగా, అడవి పచ్చగా ఉంటుంది. ఫిబ్రవరిలో అయితే మామిడి పూత, ఎండుటాకులు. హైదరాబాద్ ఎంజీబీఎస్ నుంచి కొల్లాపూర్‌కు ఆర్టీసీ బస్సులున్నాయి. అక్కడి నుంచి సోమశిలకు ఆటోలు దొరుకుతాయి. నీటిమట్టం సరిపోయినప్పుడు సోమశిల నుంచి శ్రీశైలానికి టూరిజం లాంచీ నడుస్తుంది. వెళ్లేముందు కనుక్కోండి. ఏ పడవ ఎక్కినా లైఫ్ జాకెట్ అడిగి వేసుకోండి.

అడవిలోకి సొంతంగా దూరొద్దు. ఫారెస్టు అనుమతి తప్పనిసరి. సఫారీ కావాలంటే శ్రీశైలం రోడ్డు మీద మన్ననూర్, ఫరహాబాద్ వైపు అటవీ శాఖ వాహనాలున్నాయి. ఆ రోడ్డు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. చెంచుల ఇళ్లకు వెళ్తే అడక్కుండా ఫొటోలు తియ్యకండి. తేనె కొంటే బేరమాడకండి. ఆ తాడు గుర్తు తెచ్చుకోండి. బ్లూటూత్ స్పీకర్ మాత్రం ఇంట్లోనే వదిలెయ్యండి.

ఇంటికొచ్చాక చెవిలో మోత మళ్లీ మొదలైంది. అబద్ధం ఎందుకు చెప్పాలి? రెండు రోజుల అడవికి నాలుగేళ్ల హెడ్‌సెట్ పోదు. కానీ మెట్రోలో ఇయర్‌బడ్స్ పెట్టుకోవడం మానేశాను. ఆఫీసులో షిఫ్టు మార్చమని అడిగాను.

అడవి బాటలో రెండు నిమిషాలు రికార్డు చేసిన ఆడియో మా చెల్లెలికి పంపాను. గంట తర్వాత జవాబు: "అక్కా, ఏం వినపడట్లేదు. సైలెంట్‌గానే ఉంది?"

అది చదివి నాయిన ఫోన్ అడిగి తీసుకున్నాడు. వాల్యూమ్ పెంచి చెవికి ఆనించుకున్నాడు. కళ్లు మూసుకుని ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టాడు. "ఇది ఎదురు బొంగు... ఇది చిల్క... ఇది నీ కాలి కింది టేకాకు..." రెండు నిమిషాలు అయిపోయాయి. మళ్లీ మొదటి నుంచి పెట్టమన్నాడు.